బోర్ష్ మాట పాతదే, అందుకని ఉక్రెయిన్‌ది కాకుండా పోతుందా?

ఉక్రెయిన్‌లో బీట్‌రూట్‌తో కాచే పుల్లటి చారు బోర్ష్ గురించి ఎవరు ఏం రాసినా కింద ఒకటే వాదన. "ఆ మాట ప్రాచీన స్లావిక్‌ది, అంటే రష్యన్, పోలిష్, ఉక్రెయిన్ భాషలన్నిటికీ మూలమైన భాషది, అందరిదీ. ఉక్రెయిన్ తనదని ఎలా అంటుంది?" అని. ఈ వాదన చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు ఆ పాత మాటకి అర్థం ఏమిటో తెలుసా? వంటకం కాదు, మొక్క. గొడుగుల్లా విచ్చుకునే తెల్లపూల హాగ్‌వీడ్. దాని ఆకులు, కాడలు నీళ్లలో వేసి వెచ్చని చోట పెడితే కొన్నాళ్లకి పులిసేవి. ఆ పుల్లనీళ్లతో కాచిన చారుకి మొక్క పేరే పడింది. రానురాను మొక్క వంటింట్లోంచి పోయింది. పేరూ పులుపూ మాత్రం ఉండిపోయాయి. ఆ చోట్లోకి పులియబెట్టిన బీట్‌రూట్ వచ్చింది. టమాటా అయితే మరీ నిన్నమొన్నటిది.

అందుకే పోలండ్‌లో పులియబెట్టిన పిండితో చేసే, బీట్‌రూట్ ఊసే లేని తెల్ల బార్ష్చ్ (బోర్ష్‌కి పోలిష్ పేరు) కూడా ఉంది. ఉక్రెయిన్ ఆకుపచ్చ బోర్ష్‌లో వేసే సారెల్ మన చుక్కకూర జాతిదే. రష్యన్‌లో బర్షెవీక్ అంటే నేటికీ మొక్కే. అందులో సోస్నోవ్‌స్కీ రకాన్ని సోవియట్ కాలంలో పశువుల మేతకని పెంచారు. దాని రసం తగిలిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలే. ఇక అమెరికాలో 'బోర్ష్ట్' అని చివర్న 'ట' పలుకుతారే, అది యూదుల యిద్దిష్ భాష నుంచి వచ్చింది.

ఒక్క మాటకి ఇంత సంతానం ఉంటే, దాని వయసు చూపించి ఈ వంట ఎవరిదో ఎలా తేలుస్తారు? 1584లో కీవ్ వెళ్లిన మార్టిన్ గ్రునెవెగ్ అనే వర్తకుడు అక్కడివాళ్లు బోర్ష్ కొనుక్కోరని, ఎవరింట్లో వాళ్లే వండుకుంటారని రాసుకున్నాడు. చూడాల్సింది అదీ! ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివొచ్చిన మన పిల్లల్ని అడిగినా చెబుతారు, అక్కడ బోర్ష్ ఎంత రోజువారీ తిండో.

2022 జులై 1న యునెస్కో ఉక్రెయిన్ బోర్ష్ వండే సంస్కృతిని తక్షణం కాపాడాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. యుద్ధంతో జనం ఇళ్లూ తోటలూ వదిలి పారిపోతుంటే కలిసి వండుకునేదెక్కడ? కూరగాయలు పండించేదెక్కడ? కారణం అదే. అంతేగానీ ఆ జాబితా ఎవరికీ యాజమాన్య హక్కు ఇవ్వదు, ఇంకొకరు వండుకోవద్దనదు. పోలండ్‌వాళ్లు క్రిస్మస్ ముందురాత్రి ఎర్ర బార్ష్చ్, ఈస్టర్‌కి తెల్లది ఎప్పట్లాగే వండుకుంటున్నారు.