అప్పారావు నీళ్లలో పడ్డాడు

మా బావకి ముంబైలో ఒక సెయిలింగ్ క్లబ్బులో సభ్యత్వం ఉంది. అక్కడి క్యాబిన్ ఉన్న కీల్‌బోటు అనే తెరచాప పడవను సొంతంగా నడపాలంటే స్కిప్పర్, అంటే పడవ కెప్టెన్, పరీక్ష పాసవ్వాలి. పరీక్ష అరేబియా సముద్రంలో, ప్రాక్టీసు హుస్సేన్ సాగర్‌లో. ఉద్యోగం హైదరాబాద్‌లో కదా మరి!

పరీక్షకి కావాల్సిన తాడు ముడుల సంగతి ఇంట్లోనే తేలిపోయింది. బోలైన్ ముడి ఎంత లాగినా జారదు, పని అయ్యాక ఇట్టే ఊడొస్తుంది. బావ వేసినవి జారవు, ఊడనూ ఊడవు. ఫ్రిజ్ హ్యాండిల్‌కి వేసిన ముడిని అక్క కూరగాయల కత్తితో కోసింది.

కీల్‌బోటు అడుగున బోలెడు బరువుంటుంది. పక్కకి ఒరిగినా మళ్లీ లేచి నిలబడుతుంది. మాకు ఎరువుకి దొరికిన చిన్న తెరచాప పడవకి ఆ భాగ్యం లేదు. దాన్ని నిలబెట్టే బరువు నేనే.

ఇక అసలు అంశం, పడవలోంచి పడ్డవాణ్ణి కాపాడటం. మనిషి బదులు మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్. పేరు పెడితే బాధ్యత పెరుగుతుందని బావ దానికి అప్పారావని పేరు పెట్టాడు. రూలు ప్రకారం ఒకడు పడ్డవాడి మీంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూనే ఉండాలి. స్కిప్పర్ ముందు కాస్త దూరం పోయి, పడవ తిప్పుకొచ్చి, తెరచాప వదులు చేసి మనిషి పక్కనే ఆగాలి.

"మనిషి పడ్డాడు!" అని బావ అరిచాడు. నేను అప్పారావు వైపు వేలు చాపాను.

దూరం పోవడం బ్రహ్మాండంగా జరిగింది. తిప్పేటప్పుడే చుక్కానికి గుర్రపుడెక్క చుట్టుకుంది. పడవ గాలికి ఎదురుగా ముక్కు పెట్టి నిలబడిపోయింది. గాలికి సూటిగా ఎదురెళ్లడం ఏ తెరచాప పడవకీ చేతకాదు. తెరచాప టపటపా కొట్టుకుంటోంది, మేం మెల్లగా వెనక్కి పోతున్నాం, అప్పారావు ట్యాంక్‌బండ్ వైపు పోతున్నాడు. బుద్ధుడి దగ్గరికెళ్లే లాంచీలో జనం మమ్మల్ని వీడియో తీస్తున్నారు.

"బామ్మర్దీ, వేలు దించకు!"

దించలేదు. ఇంతలో సాగర్‌లో చెత్త ఏరే పడవ వచ్చింది. అందులోని పెద్దాయన ఇంజన్ తగ్గించి, క్యాన్ పక్కన ఆపి, జాలీతో అప్పారావును ఒక్క ఊపులో పైకి తీశాడు. పరీక్షయితే పూర్తి మార్కులు పడేవి. నా వేలు ఇప్పుడు సూటిగా ఆయన వైపుంది.

"ఏంది సారూ, నా దిక్కు వేలు జూపిస్తున్నవ్?"

"అది మాది, ఇచ్చేయండి. చెత్త కాదు, మనిషి," అన్నాడు బావ ఆయాసపడుతూ.

పెద్దాయన క్యాన్ వైపు చూశాడు, బావ వైపు చూశాడు. "మనిషైతే నీళ్లల్ల ఎందుకు ఇసిరేసిండ్రు?"

లా పాయింటే. మాట్లాడకుండా తీసుకున్నాం. బావ చుక్కాని శుభ్రం చేసి, మళ్లీ గాలి పట్టించి, రెండోసారి అప్పారావును విసిరాడు. అది నీళ్లను తాకిందో లేదో, అవతల చెత్త పడవ ఇంజన్ స్టార్టయింది.