పనికిరాని కత్తికి పదునెందుకు?

ఈ రోజుల్లో జపాను కత్తివిద్య నేర్చుకుని ఏం చేసుకుంటారు అని అడిగేవాళ్లకు నాదొక విన్నపం. మీరు ఆలస్యంగా వచ్చారు. ఈ ప్రశ్న అడగాల్సిన సమయం దాటి సుమారు నాలుగు వందల ఏళ్లవుతోంది.

1638లో షిమబరా తిరుగుబాటు అణిగాక జపానులో రెండు శతాబ్దాలకు పైగా చెప్పుకోదగ్గ యుద్ధమే లేదు. సమురాయ్ యోధుల నడుముకు రెండేసి కత్తులున్నాయి, నరకడానికి మాత్రం ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే కత్తివిద్య మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లింది. యుద్ధాలు జరిగినన్నాళ్లూ సైన్యాలు విల్లునూ ఈటెనూ ఎక్కువగా నమ్ముకున్నాయి. 1543లో పోర్చుగీసువాళ్లతో తుపాకీ వచ్చాక దాన్నీ నమ్ముకున్నాయి. తీరిక దొరికాకే కత్తిలో తత్వం కనపడింది. ఊరికో గురువు, గురువుకో సంప్రదాయం, సంప్రదాయానికో రహస్యం బయల్దేరాయి. కాబట్టి ఈ విద్య నేడు పనికిరాకుండా పోయిందని ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. అది పని లేకుండానే పెరిగి పెద్దదైంది.

కోటి విద్యలు కూటి కొరకే అంటారు కదా, ఆ ముచ్చటా తీరింది. జపానును ఏలిన సైనిక పాలకుడు షోగున్‌కే కత్తి నేర్పిన సకాకిబారా కెన్‌కిచి, షోగున్ పాలన పోయాక 1873లో టోక్యోలో టికెట్లు పెట్టి కత్తిసాము ప్రదర్శనలు ఆడించాడు. నిష్ఠాగరిష్ఠులు ముక్కు విరిచారు, జనం మాత్రం ఎగబడ్డారు. 1876లో సైనికులు, పోలీసుల వంటివారు తప్ప ఎవరూ కత్తి కట్టుకుని వీధిలో తిరగరాదని చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడే సత్సుమా తిరుగుబాటులో, తబారుజాకా దగ్గర, పోలీసుల కత్తి దళం నిజంగానే కత్తులు దూసి పోరాడింది. ఇది నా వాదనకు అడ్డం వస్తోంది కనుక తొందరగా దాటేస్తున్నాను.

ఇప్పటి జపాను చట్టం నా పక్షానే ఉంది. అక్కడ తుపాకీ లైసెన్సు పోలీసుల చేతిలో ఉంటే, పాతకాలపు కత్తిని నమోదు చేసేది జిల్లా కలెక్టరేటు లాంటి ఆఫీసు కూడా కాదు, ఆ ప్రాంతపు విద్యా బోర్డు! కళాఖండంగా విలువ ఉందంటేనే కాగితం ఇస్తారు. "చాలా బాగా తెగుతుందండీ" అంటే లాభం లేదు, "చాలా అందంగా ఉందండీ" అనాలి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం ఫ్యాక్టరీల్లో యంత్రాల మీద తయారైన కత్తులకు ఆ భాగ్యం లేదు. అవి పాపం ఆయుధాలు.

ఇక విద్య సంగతి. ఇయాయిదో అనే శాఖలో మొదటి పాఠం ఇది. మీరు మోకాళ్లు మడిచి, మడమల మీద కూర్చుంటారు. దీన్ని సెయిజా అంటారు. ఎదురుగా శత్రువు కూర్చుని ఉంటాడు, అంటే ఉన్నాడని మీరు అనుకుంటారు. అతని మనసులో దురుద్దేశం పుట్టింది, అది మీకు తెలిసిపోయింది. ఒక్క ఊపులో కత్తి దూసి అతని కణతల మీద అడ్డంగా కోస్తారు, తల మీది నుంచి ఎత్తి నిలువునా దించుతారు. తర్వాత కత్తికి అంటని రక్తాన్ని విదిలిస్తారు. చివరికి ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు ఒర మూతి దగ్గర పెట్టి, వాటి మీదుగా కత్తి వీపును మొన దాకా జార్చి, చూడకుండా, మెల్లగా ఒరలోకి పంపుతారు. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా గాయపడే అవకాశం ఉన్నది ఆ ఎడమ బొటనవేలుకే. అందుకే కొత్తవాళ్లకు పదును లేని కత్తి ఇస్తారు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఆ కాలంలో ఎవరింటికైనా వెళ్తే పొడవు కత్తి నడుము నుంచి తీసి పక్కన పెట్టడం మర్యాద. అంటే సెయిజాలో, నడుముకు పొడవు కత్తితో, ఎదురెదురుగా ఇద్దరు కూర్చోవడం ఆ రోజుల్లోనే జరిగే పని కాదు. ఎన్నడూ రాని ప్రమాదానికి ఇంత శ్రద్ధగా సిద్ధపడే విద్య మరొకటి నాకు తెలియదు. ఇన్సూరెన్సు ఏజెంట్లు నన్ను మన్నించాలి.

ఇంత స్వచ్ఛమైన విద్యకు ఈమధ్య ఒక చీడ పట్టింది. వారాంతపు వర్క్‌షాపులో సమురాయ్ మైండ్‌సెట్ నేర్పి, మిమ్మల్ని లీడర్లను చేసి పంపుతామంటున్నారు. వీళ్లు తరచూ సాక్షిగా పిలిచేది ఆ కాలపు పేరుమోసిన కత్తివీరుడు మియమొతో ముసాషిని. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్లంటే, ఆయన రెండు ఒరలు కట్టుకుని రెండు చేతులా తిప్పాడు. అరవైకి పైగా పోటీల్లో ఒక్కటీ ఓడలేదని తనే రాసుకున్నాడు. అయితే ఆయన కెరీర్ కూడా కాస్త చూడండి. కుమమొతోలో హొసొకావా ప్రభువు పిలిచి ఆదరించేసరికి ఆయనకు యాభై దాటాయి, 1645లో పోయాడు. ఈ బయోడేటా చూసి ఏ హెచ్ఆర్ కూడా రెండో రౌండుకు పిలవదు. అలాంటివాణ్ని ప్రమోషన్ల దేవుడిగా కొలుస్తున్నారు!

వెదురు కర్రలతో ఆడే కెండోలో ఎనిమిదో దాన్ (అంటే ఎనిమిదో మెట్టు) పరీక్ష గురించి ఈ లీడర్లకు ఎవరైనా చెబితే బాగుండు. అది రాయాలంటే, అదే, కొట్టాలంటే 46 ఏళ్లు నిండాలి. ఏడో దాన్ వచ్చి పదేళ్లు గడవాలి. అప్పుడు కూడా నెగ్గేది నూటికి ఒకరు. మన గ్రూప్-1 కుర్రాళ్లకు ఈ లెక్క కొత్త కాదు గానీ, ఇక్కడ నెగ్గినందుకు డీఏ రాదు. పోటీలో ఇంకో పెంకి నియమం కూడా ఉంది. చక్కగా తల మీద దెబ్బ వేసి, పాయింటు వచ్చిన సంతోషంలో పిడికిలి బిగించి ఎగిరారో, ఇచ్చిన పాయింటు వెనక్కి తీసుకోవచ్చు. గెలిచి కూడా గెలవనట్టే మొహం పెట్టాలి. ఇంతటి నష్టదాయకమైన విద్యతో వారాంతంలో లీడర్లను ఎలా తయారుచేస్తారో ఆ నిర్వాహకులకే తెలియాలి.

అయినా చేరతామంటారా, చేరండి. కత్తి కొనడానికి తొందర లేదు, అది గురువుగారు చెప్పినప్పుడు చూసుకోవచ్చు. ముందుగా మోకాళ్ల డాక్టరుకు ఒకసారి చూపించుకోండి, సెయిజా అనేది సోఫాకు అలవాటుపడ్డ కాళ్లకు కుదిరే వ్యవహారం కాదు. నొప్పి తగ్గేదాకా ఆగి వెళ్లినా ఫరవాలేదు. శత్రువు ఎలాగూ మీ ఊహలోనే ఉన్నాడు కనుక అతనూ ఆగుతాడు.