గ్రాట్యుటీ డబ్బుతో 600 లెన్సు కొనబోతున్న పెద్దాయనలకు

రిటైరైన నెలకల్లా నెల్లూరులో, ఒంగోలులో చాలామంది బీరువా పైనున్న పాత యాషికా కెమెరానో జెనిత్‌నో దించి దుమ్ము దులుపుతారు. ఇన్నేళ్లకి తీరిక దొరికింది, ఇక ఫొటోలు తీసుకుందాం అనుకుంటారు. బాగుంది. ఆ వారంలోనే ఎవరో కుర్రాడు యూట్యూబ్ చూపిస్తాడు, దూరపు పక్షుల్ని దగ్గరగా చూపే 150–600 ఎంఎం లెన్సుకు ఆర్డరు పడిపోతుంది. నాకు మండేది అక్కడే. ఆ లెన్సు ఒక్కటే రెండు కిలోలు. దాన్ని మోసుకుంటూ నేలపట్టు పక్షుల కేంద్రంలో ఒక పూట తిరిగితే మెడ పట్టేస్తుంది, మోకాళ్లు మొరాయిస్తాయి. పొంగల్ వెళ్లేలోపు అది కూడా బీరువా ఎక్కుతుంది.

అన్నా, మన వైపు ఫొటో చెడేది లెన్సు పొట్టిదై కాదు. ముందు కళ్ల సంగతి చూసుకోండి. కెమెరాలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. కొన్న రోజు నుంచి దాన్ని ముట్టుకోనివాళ్లే ఎక్కువ. కెమెరాను ఖాళీ ఆకాశం వైపు పెట్టి, లోపల కనిపించే అంకెలు స్పష్టమయ్యేదాకా ఆ చక్రం తిప్పండి. చూడాల్సింది అంకెల్ని, దృశ్యాన్ని కాదు. బైఫోకల్ అద్దాలతో చూస్తే కింది ముక్కలోంచి చూస్తున్నారో పైదాంట్లోంచో మీకే తెలీదు. దూరపు చూపు అద్దాలతో ఒకసారి సరిచేసుకుని వాటితోనే తీయండి. శుక్లాల ఆపరేషన్ అయితే మళ్లీ సరిచేసుకోవాలి.

రెండోది, వేళ. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా వెళుతుంది. తొమ్మిది దాటి ఎండెక్కితే తడి బురద మీద గాలి ఆవిరిలా కదులుతుంది, దూరాన ఉన్న ఫ్లెమింగోలు అలల్లో వణుకుతున్నట్టు పడతాయి. లక్ష రూపాయల లెన్సు పెట్టినా ఆ వణుకు పోదు, లెన్సు పొడవయ్యే కొద్దీ ఇంకా పెద్దదవుతుంది. తెల్లారగానే తీయండి, ఎండ ముదిరితే మానేసి టిఫిన్‌కి పోండి. నేలపట్టులో కథ వేరు. వాచ్ టవర్ ఎక్కితే చెరువులోని కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు కనిపిస్తాయి, 70–300 లాంటి చిన్న లెన్సుతోనే చాలా పని జరుగుతుంది. అయితే ఈశాన్య రుతుపవనాలు బాగా కురిసి చెరువు నిండితేనే. వానలు ఎగ్గొట్టిన ఏడాది ఎంత పెద్ద లెన్సున్నా దండగ.

తెల్ల పక్షిని ముదురు పచ్చ ఆకుల మీద తీస్తే కెమెరా మోసపోతుంది. ఆకుల నలుపు చూసి వెలుగు పెంచేస్తుంది, ఈకల గీతలన్నీ సున్నంలా చదునైపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా కొలిచిన వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 పెట్టండి. అదే పక్షి తెల్లని ఆకాశం ముందు ఎగిరితే ప్లస్ 1. కూర్చున్నదానికి షట్టర్ వేగం 1/500 సెకను, ఎగిరేదానికి 1/1600 కంటే తగ్గొద్దు. వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓను ఆటోలో పెట్టి పై హద్దు 3200 ఇవ్వండి. ఫొటోలో గ్రెయిన్, అంటే రవ్వ రవ్వగా చుక్కలు, వస్తుందని భయపడకండి. 400 ఐఎస్ఓ ఫిల్ముతో పెళ్లిళ్లు తీసిన తరం మనది, గ్రెయిన్ చూసి జడుసుకోవడమేంది?

ఇక లక్షలు పోసేముందు కొనాల్సింది ఒక మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు పావు కిలో, తేమ కొలిచే చిన్న మీటరు. మొత్తం రెండువేలు కూడా కాదు. మీటరు 40, 50 శాతం మధ్య ఉండాలి. పాత కెమెరా తోలు కేసులోనే ఉంచితే లెన్సుకు ఫంగస్ పట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే తోలు తేమను పట్టి ఉంచుతుంది. లెన్సులో వెలుగు దూరే రంధ్రం, అపర్చర్, పూర్తిగా తెరిచి వెనక నుంచి టార్చి కొట్టి, పక్కవాటుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగసే. స్పిరిట్‌తో రుద్దొద్దు, అది లోపలి గాజు మీద ఉంటుంది, రిపేరు తెలిసినవాళ్లే విప్పాలి. సిలికా రంగు మారాక సన్న సెగన ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. నీలం రకంలో కోబాల్ట్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి వంటింటి మూకుట్లో మాత్రం వేయించొద్దు. ఇంట్లోవాళ్లు ఊరుకోరు కూడా.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు పోయొచ్చాక ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడగండి, కెమెరాను తడిపి పిండిన గుడ్డతో తుడవండి. ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే ఫిల్టరు మీద గీతలు పడతాయి. ఏసీ కారులోంచి దిగగానే బ్యాగ్ తెరవొద్దు, అరగంట ఆగకపోతే గాజంతా చెమటే.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పులికాట్ రోడ్డు మీద కారే మంచి చాటు. తలుపు తీస్తే పక్షి లేచిపోతుంది, అద్దం దించితే ఉంటుంది. ఇంజను ఆపండి, ఆ అదురుకే ఫొటో మసకవుతుంది. పాత ప్యాంటు కాలు కోసి, ఒకవైపు కుట్టి, రెండు కిలోల నూకలు పోసి రెండోవైపు కుట్టేస్తే కిటికీ మీద కెమెరా ఆన్చుకునే దిండు తయారు. దానికి మొలగొలుకుల లాంటి మంచి బియ్యం పోయక్కర్లేదు. కాకపోతే వానకు తడిస్తే ముక్కిపోతాయి, వెంటనే మార్చేయండి.