కోటు ఎవరికుంది మహానుభావా?

పొద్దున్నే ధబేల్‌మని చప్పుడు. వచ్చి చూస్తే హాల్లో మా డిజైనర్ కోట్ స్టాండ్ బోర్లా పడి ఉంది. మావారు చేసిన నేరం దానికి హెల్మెట్ తగిలించడం. హెల్మెట్ అద్దం పగిలింది, కింద మనీప్లాంట్ కుండీ కూడా పోయింది. ఇంటీరియర్ చేసినాయనకి ఫోన్ చేస్తే, "మేడమ్, అది స్టేట్‌మెంట్ పీస్, బరువులు పెట్టకూడదు" అన్నాడు. తగిలించుకునే స్టాండ్‌కి ఏమీ తగిలించకూడదట! మరేం చెయ్యమంటాడు, రోజూ హారతివ్వాలా?

చూడ్డానికి బాగానే ఉంటుంది లెండి. సన్నటి నల్ల కడ్డీ, పైన కొమ్మల్లా చేతులు, కింద టిఫిన్ ప్లేటంత దిమ్మ. మనిషంత కడ్డీకి పైన ఒకవైపే బరువు పడితే ఆ కాస్త దిమ్మ ఆపుతుందా? ఇది మా పనమ్మాయి మొదటిరోజే చెప్పింది. ఆవిడకి డిజైన్ డిగ్రీ లేదుగా, ఎవరు వింటారు.

"ఇటాలియన్ స్టైల్ మేడమ్" అట. ఇటలీ వాళ్ళ స్టాండ్లు ఈయన ఎప్పుడైనా చూశాడా? 1973లో అక్కడి జనొట్టా కంపెనీ తెచ్చిన 'షాంగాయ్' స్టాండ్ చూడండి. చెక్క కర్రల కట్ట. విప్పితే పైన ఎంత విచ్చుకుంటుందో కిందా అంతే విచ్చుకుంటుంది, అందుకే నిలబడుతుంది. అక్కర్లేనప్పుడు మడిచి మూలన పెట్టుకోవచ్చు. అంతకు ముందు ఏడాదే గుఫ్రామ్ అనే ఇంకో ఇటలీ కంపెనీ వాళ్ళు ఫోముతో నిలువెత్తు పచ్చ జెముడు మొక్క చేసి కోట్లు తగిలించుకోమన్నారు. పిచ్చి అనుకోండి, కానీ వాళ్ళకి చలి ఉంది, కోట్లున్నాయి. కూకట్‌పల్లిలో మే నెలలో నేనేం తగిలించాలి, చెమటా? హైకోర్టు, సుప్రీంకోర్టు తప్పిస్తే ఎండాకాలం లాయర్లకే నల్లకోటు తప్పనిసరి కాదు. మన దగ్గర మండుటెండలో కోటు బిగించుకునేది రిసెప్షన్ స్టేజి మీద పెళ్ళికొడుకొక్కడే. పాపం మా మరిది ప్రతి ఫొటోలో కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. త్రీ పీస్ కావాలన్నది మా తోడికోడలు పుట్టింటివాళ్ళు, మాటలు పడింది మేము. సరే, అది ఇంకో పోస్ట్.

అసలు నా మంట స్టాండ్ మీద కాదు. గృహప్రవేశానికి ముందు మా అమ్మ ఊరి నుంచి టేకు చిలక్కొయ్యలు తెచ్చింది, తాతగారింటివి. చిలక ముక్కులు అరిగిపోయాయి గానీ కొయ్య గట్టిగా ఉంది. తడి పంచెలు, గొడుగులు, సంచులు ఏళ్ళ తరబడి మోసినవి. ఈ మహానుభావుడు వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని, "థీమ్‌కి సెట్ కావు ఆంటీ, గోడకి మేకులు వద్దు" అన్నాడు. అమ్మ ఏమీ అనకుండా మళ్ళీ చీర గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. నాన్న ఫొటోకీ అదే జవాబు. మా ఇంటి గోడకి, మా డబ్బుతో, మా నాన్న ఫొటో పెట్టుకోడానికి ఈయన పర్మిషన్!

ఎలక్ట్రీషియన్ని డ్రిల్లింగ్ మెషిన్‌తో రమ్మన్నాను. ఆదివారం వస్తానన్నాడు. ఈలోగా ఆ స్టేట్‌మెంట్ పీస్ ఎవరికైనా కావాలంటే ఇన్‌బాక్స్‌కి రండి, ఊరికే ఇచ్చేస్తా. హెల్మెట్ మాత్రం తగిలించకండి.