గాలాల పెట్టె గారి సముఖమునకు

మహారాజశ్రీ గాలాల పెట్టె గారి దివ్యసముఖమునకు, డాలస్ నగర శివార్లలో కాపురముంటూ తమరి పోషణభారం వహిస్తున్న విధేయుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం వేరే అడగవలసిన పని లేదు. తమరు గ్యారేజీ నీడలో హాయిగా ఉండాలనే కదా, మా కారు ఏడాది పొడుగునా ఆరుబయట టెక్సస్ ఎండకు మాడుతున్నది.

తొమ్మిదేళ్ల క్రితం తమరు మా ఇంట అడుగుపెట్టిన నాటి రూపం నాకింకా గుర్తున్నది. టిఫిను క్యారియరు కంటె చిన్నగా, ఒకే ఒక్క అరతో, అందులో అరడజను గాలాలూ రెండు బెండ్లూ నాలుగు సీసపు గుండ్లూ పెట్టుకొని, కొత్తకోడలిలా మూలన ఒదిగి కూర్చున్నారు. ఈనాడు తమరిది మూడంతస్తుల మేడ, అంతస్తుకు పన్నెండు గదులు, నాలుగు వైపులా జేబులు; ఇవి చాలక బీరువా కింద వేరుకాపురం పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు ఏడు. బాస్ కోసం వెళ్తున్నానని ఫోనులో అంటే, ఆదివారం పూట కూడా బాసు పిలుస్తున్నాడా నాయనా అని కాకినాడలో మా అమ్మ జాలిపడుతుంది. అది చేప పేరని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. చెప్పగా చెప్పగా నాకే ఆమె మాట నిజమనిపిస్తున్నది, కాకపోతే ఆఫీసులో బాసు నెలకు ఇంత అని జీతం ఇస్తాడు, తమరు పుచ్చుకుంటారు.

తమరు పెరిగిన తీరు గురించి నాకు తెలిసిన సంగతి మనవి చేసుకుంటాను. మా ఊళ్లో ఒక జ్యోతిష్కుడు ఉండేవాడు. పని కాలేదని వెళ్తే ఇంకో రాయి పొదిగిన ఉంగరం పెట్టుకోమనేవాడు. పని అయిందని వెళ్తే మొన్నటి ఉంగరం మహిమ అనేవాడు. తమరి శాస్త్రమూ అదే. చేప పడని ప్రతి శనివారమూ నాలోని లోపాన్ని తమరు ఎన్నడూ ఎత్తిచూపలేదు, నా దగ్గర లేని వస్తువును మాత్రం ఎత్తిచూపారు. లోతుకు దిగే క్రాంక్‌బెయిట్ అనే చేపబొమ్మ ఎర లేకపోబట్టి కదా అన్నారు. అది కొన్నాక నీటిపైన తేలే పాపర్ అనే ఎర లేకపోబట్టి అన్నారు. అదీ కొన్నాక గుండ్లకు సీసం పనికిరాదు, టంగ్‌స్టన్ అనే లోహం కావాలన్నారు. టంగ్‌స్టన్ సీసం కంటె ఒకటిన్నర రెట్లకు పైగా సాంద్రమైనది కనుక అదే బరువుకు గుండు చిన్నదవుతుందనీ, అడుగున రాయి తగిలినా మట్టి తగిలినా ఆ తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుందనీ నేను ఒప్పుకుంటాను. అయితే అడుగున చెట్టు మోడుకు చిక్కుకొని తెగిపోవడంలో సీసానికీ టంగ్‌స్టన్‌కూ ఏ తేడా లేదనీ, తేడా అంతా తెగిన తరువాత నా పర్సుకు తెలుస్తుందనీ తమరు చెప్పలేదు.

రంగుల సంగతి చెప్పకపోతే ఈ లేఖ పూర్తి కాదు. తమరి రెండో అంతస్తులో ఎరగా వాడే ప్లాస్టిక్ వానపాములు పచ్చగుమ్మడి రంగులో ఉన్నవి, పుచ్చకాయ రంగులో ఉన్నవి, మోటారాయిలు రంగులో ఉన్నవి, చివరకు పీచుమిఠాయి రంగులో కూడా ఉన్నవి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఏ బాస్ చేపా గుమ్మడికాయ మొహం చూసి ఉండదు. ఈ తొమ్మిదేళ్లలో నాకు అర్థమైనది ఇంతే: నీరు తేటగా ఉంటే పచ్చగుమ్మడి వంటి సహజమైన రంగు, నీరు బురదగా ఉంటే మసక వెలుతురులో కూడా ఆకారం తెలిసే నలుపు-నీలం. తక్కిన రంగులు చేప కంట పడటానికి ముందు, దుకాణంలో కొక్కేనికి వేలాడుతూ నా కంట పడటానికి వేసినవి. పైగా రెండు రకాల ప్లాస్టిక్ ఎరలను ఒకే గదిలో కాపురం పెడితే ఏమవుతుందో ఒక జూలై నెలలో తమరే చూపించారు. కొన్ని మెత్తని ప్లాస్టిక్కులు ఒకదానినొకటి తాకితే కరిగిపోతాయి. గది తెరిచేసరికి పన్నెండు డాలర్ల సరుకు మాడుగుల హల్వాలా ఒకే ముద్ద అయి, వెల్లుల్లి వాసన కొడుతూ కనిపించింది. (ఆ వాసన చేపలను ఆకర్షిస్తుందని తయారీదారులు కావాలని కలుపుతారు. మా ఇంట్లో అది పిల్లిని మాత్రమే ఆకర్షించింది.) ఎవరి ఎరలను వాళ్ల సంచిలోనే ఉంచాలనీ, తడిసిన గాలాన్ని ఆరబెట్టకుండా పెట్టెలో వేస్తే పక్కనున్న ఇరవై గాలాలకు తుప్పు అంటిస్తుందనీ తెలుసుకునే సరికి నాకు ఇంకో పెట్టె కొనే అర్హత వచ్చేసింది.

నిజానికి తమరి కులదైవం ప్లాస్టిక్ వానపామే. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన, ఆయన భార్య కాస్మా తమ ఇంట్లోనే అచ్చు పోసి తీసిన ఆ మెత్తని పురుగు, తరువాత వాళ్లు టెక్సస్‌లోని టైలర్ పట్టణానికి ఫ్యాక్టరీని తెచ్చుకోవడంతో, ఇక్కడి నీటి అడుగు మోళ్ల మధ్య స్థిరపడింది. టెక్సస్ రిగ్ అని పేరు పడిన ఆ అమరికలో మూడే సరుకులున్నాయి: తూటా ఆకారపు గుండు, మెడ దగ్గర వంపు ఉన్న గాలం, వానపాము. లైనుకు, అంటే గాలపు దారానికి, గుండు ఎక్కించి, గాలం కట్టి, దాని మొనను పురుగు తలలో గుచ్చి పక్కకు తీసి, తిరిగి దాని ఒంట్లోకే దూర్చి దాచాలి. మొన బయటకు లేదు కనుక నాచులోనూ కొమ్మల్లోనూ చిక్కుకోదు. చేప కొరికినప్పుడు గట్టిగా లాగితే మెత్తని ఒంటిని చీల్చుకొని మొన బయటకు వస్తుంది. పావు ఔన్సు గుండుతో దీన్ని మోడు పక్కన వేసి, లైను కొంచెం వదులుగా ఉంచి మునగనివ్వాలి. చాలా చేపలు అది దిగుతున్నప్పుడే నోట కరచుకుంటాయి కనుక, చేతికి ఏమీ తెలియకముందే లైను పక్కకు జరగడం కంటికి కనిపిస్తుంది. నాకు ఇంతవరకు పడిన చేపల్లో ముప్పాతిక వంతు దీనికే పడ్డాయి. ఈ ముక్క తెలిసి కూడా తమరు మిగిలిన ముప్పై గదులు ఎందుకు నింపించారని నా ప్రశ్న.

తమరికి కోపం రాదనుకుంటే కొన్ని రికార్డులు విన్నవిస్తాను. 1932 జూన్ 2వ తేదీన జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే యువరైతు, వాన పడి పొలం దున్నడం కుదరని రోజున, మాంట్‌గోమరీ లేక్ అనే చిన్న నీటిమడుగులో 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. ఆయనకూ ఆయన స్నేహితుడికీ కలిపి ఒకే ఒక్క ల్యూర్, అంటే కృత్రిమ ఎర, ఉండేదని చెబుతారు. బరువు తూయించుకొని ఇంటికి వెళ్లి, ఆ ప్రపంచ రికార్డును వండుకొని తిన్నారు. డెబ్బై ఏడేళ్ల తరువాత, 2009 జూలైలో, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాదాపు ఒక ఔన్సు ఎక్కువ తూగే చేపను పట్టాడు. కొత్త రికార్డుకు రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నియమం వల్ల ఇద్దరినీ సమానం చేశారు. ఆయన గాలానికి ఉన్నది ప్రాణమున్న బ్లూగిల్ చేపపిల్ల. ఇక మన టెక్సస్ రికార్డు, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో పడింది. పట్టిన బారీ సెయింట్ క్లేర్ ఆ రోజు బాస్ కోసం వెళ్లనే లేదు. క్రాపీ అనే చిన్న చేప కోసం బుల్లి చేపపిల్లను ఎర వేసి కూర్చున్నాడు. ఈ మూడు సందర్భాలలోనూ తమరి మూడంతస్తులలో ఏ గది పనికి వచ్చిందో దయచేసి తెలియజేయగలరు.

రాడ్డులు, లైను చుట్టే రీళ్లు తమరి గదుల్లో పట్టవు కానీ తమరి సిఫారసు లేకుండా ఒక్కటీ మా ఇంటికి రాలేదు. గోడకు ఆనించిన పదకొండింటిలో నేను చేతపట్టేవి రెండు. ఒకటి ఏడడుగుల మీడియం రాడ్డు, 2500 సైజు స్పిన్నింగ్ రీలుతో. తేలికపాటి ఎరలకూ కొత్తగా నేర్చుకునేవారికీ ఇంతకు మించినది లేదు. రెండోది మీడియం హెవీ రాడ్డు, ఎర విసిరినప్పుడు చక్రం తానే తిరిగే బెయిట్‌కాస్టర్ రీలుతో. ఈ రెండోది కొన్న మొదటి రోజున నేను విసిరిన ఎర పది గజాలలో పడింది, రీలు మాత్రం ఆగకుండా తిరిగి, క్షణంలో లైనుతో పిచ్చుక గూడు అల్లింది. ఆ గూడు విప్పుతూ రెండు గంటలు ఒడ్డున కూర్చున్నాను. ఇద్దరు పిల్లలు వచ్చి అందులో గుడ్లు ఉన్నాయా అని అడిగి వెళ్లారు. పక్కనున్న మరను బిగించి, రాడ్డు కొన నుంచి ఎర మెల్లగా దిగేటట్లూ, అది నేలకు తాకగానే రీలు తిరగడం ఆగేటట్లూ సరిచేసుకొని, ఎర నీటిని తాకబోయే ముందు బొటనవేలితో చక్రాన్ని నొక్కాలని చెప్పే కాగితం పెట్టెలోనే ఉన్నదని తరువాత తెలిసింది. తమరి కింది అరలో, అన్నిటికంటె అడుగున.

లైను విషయంలో కూడా తమరు చెప్పిన వాటిలో సగమే నిజం. ఫ్లూరోకార్బన్ అనే రకం లైను నీటిలో అంతగా కనిపించదన్నది నిజమే. అది మునిగిపోతుంది కనుక పైన తేలే ల్యూర్‌కు కడితే దాని మూతిని కిందికి లాగేస్తుందని చెప్పలేదు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపకపోతే రాపిడికి అది బలం కోల్పోతుందని చెప్పలేదు. అల్లిక లైను సాగదు, తెగదు అని చెప్పారు. ఉత్త చక్రం మీద నేరుగా చుడితే పట్టు దొరకక మొత్తం చుట్టంతా గిర్రున తిరిగిపోతుందనీ, కింద కొంచెం నైలాన్ లైను చుట్టి ఆపైన దీన్ని చుట్టాలనీ చెప్పలేదు. ఆనాడు నా జీవితంలోకెల్లా పెద్ద చేప గాలానికి ఉండగా, నేను రీలు తిప్పుతూనే ఉన్నాను, లైను మాత్రం వెళ్తూనే ఉన్నది.

ఇక తమరి పెద్దన్న, పడవ గారు. పెళ్లి బ్యాండువారి కోటులా తళతళలాడే 21 అడుగుల ఫైబర్‌గ్లాసు పడవ, వెనుక 250 గుర్రాల ఇంజను, ముందు చప్పుడు లేకుండా నడిపే ట్రోలింగ్ మోటారు, దానికి మూడు బ్యాటరీలు: అంతటి సంబంధం నా తాహతుకు మించినది కనుక, పదిహేడు అడుగుల పాత అల్యూమినియం పడవను తెచ్చుకున్నాను. పడవ అడుగున నీరు పోయేందుకు రంధ్రం ఒకటి ఉంటుందనీ, దానికి బొటనవేలంత బిరడా ఉంటుందనీ, ఆ బిరడా తమరి రెండో అంతస్తులో భద్రంగా ఉన్నదనీ నాకు సరస్సు మధ్యన గుర్తుకు వచ్చింది. అప్పటి నుంచి దాన్ని బండి తాళంచెవికే కట్టాను. ట్రైలరును వెనక్కి నడపడం నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. స్టీరింగును అడుగువైపు పట్టుకొని, ట్రైలరు ఏ వైపు తిరగాలో చేతిని ఆ వైపు జరిపితే చాలునని పడవలను నీటిలోకి దింపే ర్యాంపు దగ్గర వరుసలో విసుగెత్తిన ఒక పెద్దాయన చెప్పాడు. ఇంజను నడిపేవాడు, తాను నీటిలో పడితే ఇంజనును ఆపేసే కిల్ స్విచ్ తాడును ఒంటికి తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు పడవలకు అమెరికా చట్టం చెబుతున్నది. ఒడ్డుకు వచ్చాక జీబ్రా మస్సెల్ అనే ఆలుచిప్ప మరో సరస్సుకు పాకకుండా పడవలోని నీటినంతా వదిలి వెళ్లాలన్నది టెక్సస్ చట్టం. నేను మొదటి రోజు నుంచే వదులుతున్నాను. కాకపోతే మొదటి రోజు అది లోపలికి వచ్చిన నీరు.

ఈ మధ్య తమరు నీటి కింద చేప కదలికను సినిమాలా చూపించే సోనార్ గురించి మా ఇంటి దాకా కబురు పంపుతున్నారు. చేప కనబడకపోవడం నా కష్టానికి కారణం కాదు. అది ఉన్నదని నాకు తెలుసు. అది నన్ను లెక్కచేయడం లేదని తెరమీద రంగుల్లో చూడటానికి రెండు వేల డాలర్లు పెట్టే ఓపిక నాకు లేదు.

కావున తమరికి తెలియజేయునది: పడవను అమ్మివేశాను. పన్నెండు అడుగుల కయాక్ అనే తెడ్డు పడవను తెచ్చాను. అందులో కూర్చోవడానికి నాకు చోటున్నది, ఒంటిమీద లైఫ్ జాకెట్‌కు చోటున్నది, కాళ్ల మధ్యన అరచేయి రెండింతలుండే ఒక డబ్బాకు చోటున్నది, తమరికి లేదు. ఆ డబ్బాలోకి తమరి దగ్గర నుంచి 3/0 సైజు వంపు గాలాలు పది, పావు ఔన్సు గుండ్లు ఆరు, రెండు రంగుల వానపాములు, తెల్లవారుజామున వాడటానికి ఒక పాపర్, ఒక క్రాంక్‌బెయిట్ తీసుకున్నాను. కొలబద్ద కూడా తీసుకున్నాను. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తిరిగి నీటిలో వదలాలి కనుక అది తప్పనిసరి. ఇంతకాలం అది మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకు తప్ప మరెందుకూ ఉపయోగపడలేదన్నది వేరే సంగతి. లైసెన్సు పర్సులోనే ఉన్నది. అది ఆగస్టు 31తో ముగుస్తుందని ఈసారి నేనే గుర్తుపెట్టుకుంటాను.

ఇట్లు,
తమరి విధేయ పోషకుడు

తా.క.: గాలం ఊడదీసే ముక్కు పొడవు పట్టకారు తమరి అడుగు అరలో, బెయిట్‌కాస్టర్ కాగితం కింద ఉన్నది. ఎడమ బొటనవేలికి క్రాంక్‌బెయిట్ మూడు మొనల గాలం గుచ్చుకొని ఉండగా కుడిచేత్తో ఈ లేఖ వ్రాస్తున్నాను కనుక, తాళం కాస్త తొందరగా విడిచిపెట్టగలరు.