ఒడిస్సియస్ సినారియో గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ సినారియో గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, తమరిని ఆడాక ఈ వైపు కుశలం లేదు.

గ్రీకు పురాణాల వీరాభిమాని ఎవరో ‘ఏజ్ ఆఫ్ మిథాలజీ’ అనే కంప్యూటర్ ఆటలో, సొంత కథాఘట్టాలు (సినారియోలు) కట్టుకునే ఎడిటర్ ముందు కూర్చుని, పైసా ఆశించకుండా తమరిని తయారుచేశారు. ఊరికే వచ్చినదానికి వంకలేమిటంటారేమో. ఊరికే వచ్చిందని ఆడాం, మరి నిద్ర మాది కదా!

హోమర్ కావ్యంలో ట్రాయ్ యుద్ధం ముగిశాక ఇల్లు చేరడానికి ఇథాకా రాజు ఒడిస్సియస్‌కు పదేళ్లు పట్టింది. ఆ బాధ మాకూ తెలిసిరావాలని కాబోలు, ప్రతి దీవిలో దిగగానే పేజీలకు పేజీల డైలాగులు పెట్టారు. విసుగొచ్చి స్కిప్ కొడితే తర్వాతి ఘట్టాన్ని మొదలుపెట్టే ట్రిగ్గర్ పనిచేయదు. ఓడ కదలదు.

అదైనా ఓర్చుకోవచ్చు. పాలిఫీమస్ గుహ దగ్గర చేసిన పనే మింగుడుపడటం లేదు. హోమర్ కథలో ఒంటికన్ను రాక్షసుడికి ద్రాక్షసారా పట్టించి, నా పేరు ‘ఎవరూ కాదు’ అని నమ్మించి, కాల్చిన ఆలివ్ దుంగతో కన్ను పొడిచి, తెల్లారి గొర్రెల పొట్టల కింద వేలాడుతూ బయటపడతారు. తమరి గుహ ముందు కూడా మేకలున్నాయి. వాటిని టౌన్ సెంటర్‌కు తోలి కోస్తే ఫుడ్ పెరుగుతుంది, అంతే! పైగా ఈ ఆటలో రాక్షసులకు హీరోలే విరుగుడు, ఒడిస్సియస్ చేతిలోనేమో విల్లు. దూరంగా నిలబడి బాణాలు వేస్తుంటే పాలిఫీమస్ కాసేపట్లో కూలిపోయాడు. బుర్రతో పనే పడలేదు.

అసలు వాడు చావకూడదు కదండీ! గుడ్డివాడై బతికి, తండ్రి అయిన సముద్ర దేవుడు పొసైడన్‌కు మొరపెట్టుకుంటేనే సముద్రం పగబడుతుంది. మీ దగ్గర ఫిర్యాదుదారు పోయాడు, ఫిర్యాదు లేదు, పొసైడన్ మాత్రం మొదటి నిమిషం నుంచే మా ఓడలు ముంచుతున్నాడు. ఏ కేసు మీద?

మనుషులను పందులు చేసే మంత్రగత్తె సర్సీ దీవిలో మాత్రం చప్పట్లు కొట్టాను. ఆటలో ఆఫ్రొడైటీ దేవత ఇచ్చే మహిమ (గాడ్ పవర్)తో మా సైనికులను పందులు చేయడం, హెర్మీస్ దేవుడు ఇచ్చే, ఆ మంత్రానికి విరుగుడైన మోలీ మూలికను హీరో తప్ప ఇంకెవరూ మోయలేని రెలిక్‌గా (ఆటలోని పవిత్ర వస్తువుగా) పెట్టడం... ఆట నియమంలోంచే కథ పుట్టింది. ఇంత తెలివి ఉంచుకుని గుహ దగ్గర ఏం చేశారు?

ఇక ఇథాకా. బిచ్చగాడి వేషం లేదు, పన్నెండు గొడ్డళ్ల గుండా బాణం వేసే పరీక్ష లేదు. ఒడిస్సియస్ భార్య పెనెలోపీని పెళ్లాడతామని ఇంట్లో తిష్ఠవేసిన 108 మంది పెళ్లికొడుకుల మీదికి రాళ్లు విసిరే పెట్రోబోలోస్‌లు ఇచ్చారు. ఒడిస్సియస్ సొంతింటిని తనే కూలగొట్టుకుని గెలవాలన్నమాట. లోపల పెనెలోపీ ఉంటుందన్న ఇంగితమైనా ఉండక్కర్లేదా? ఎడిటర్‌లో కుక్క దొరకలేదేమో, ఒడిస్సియస్ పెంపుడు కుక్క ఆర్గోస్ పేరుపెట్టి ఒక తోడేలును నిలబెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన యజమానిని అది గుర్తుపట్టనైతే పట్టలేదు గానీ, కరిచింది.

కొత్త వెర్షన్ వస్తే అందులో కోసి తింటే శాపం తగిలే సూర్యదేవుడు హీలియస్ ఆవులు కూడా పెట్టే ఉద్దేశం ఉందా? ఉంటే ఒక్క ముక్క ముందే చెప్పండి, వాటిని కూడా టౌన్ సెంటర్‌కే తోలాలా?

ఇట్లు,
తమరి ఓడలో తెడ్డు వేసి అలిసిన ఒక ఆటగాడు