గేటు మారితే నడుము ఎముకలు ఇరుకైపోతాయా?

నాకు ఏడో నెల. పోయిన వారం పుట్టింటికి, వింజమూరుకి వచ్చాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు చాప మీద కూర్చోకముందే అడిగేది ఒకటే. "నార్మలేనంటనా, ఆపరేషనంటనా?" ఇంకా రెండు నెలల పైమాటే ఉంది. లోపలున్నది ఇంకా తల కిందికి తిప్పనే లేదు. అప్పుడే నాకు మార్కులు వేసేస్తున్నారు.

నేను ఇంటర్లో బైపీసీ. బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ ఇప్పటికీ కళ్ళు మూసుకుని గీసేస్తాను. మనిషి ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి మాత్రం మా సారు "ఇది మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. చదువుకున్నాను సార్, 29 ఏళ్ళొచ్చాక, రాత్రిళ్ళు ఏ పక్కకి తిరిగినా నిద్ర పట్టక, ఫోన్లో. గర్భసంచి ముఖద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకోవాలని, మొదటి కాన్పులో అందుకు రోజంతా పట్టినా వింత కాదని అప్పుడే తెలిసింది. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాల్సిందే అనే పాత లెక్కతో ఆడవాళ్ళని తొందర పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఐదు సెంటీమీటర్ల దాకా నిదానంగా సాగడం మామూలేనట. తల్లీ, బిడ్డ గుండె చప్పుడూ బాగుంటే కాస్త ఆగొచ్చు.

ఇది చదివినప్పుడు మా వదిన గుర్తొచ్చింది. పోయినేడు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పొద్దున చేర్చాం. సాయంత్రానికల్లా బయటికొచ్చి "నొప్పులు ముందుకు సాగట్లేదు, పేగు మెడకి చుట్టుకుంది, ఇంకా ఆగుతామంటే మీ ఇష్టం" అన్నారు. ఆ మాట విన్నాక ఎవరికుంటుందండీ ఇష్టం? అన్నయ్య చేతులు వణుకుతుంటే సంతకం పెట్టాడు. లోపల నొప్పులు పడుతున్న మనిషిని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. పుట్టే పిల్లల్లో నలుగురైదుగురిలో ఒకరికి బొడ్డుతాడు మెడకి చుట్టుకునే ఉంటుందని, చాలామంది ఏమీ కాకుండా మామూలుగానే పుడతారని నాకు అప్పుడు తెలియదు. అసలు అడగాల్సింది బిడ్డ గుండె ఎట్లా కొట్టుకుంటోందని. పడిపోతూ ఉండొచ్చు కూడా. అలాగైతే ఆ డాక్టరమ్మకి దండం పెడతాను. కానీ పడిపోయిందో లేదో ఇవాళ్టికీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బిల్లులో దూదికి ఎంతో, గ్లౌజులకి ఎంతో మాత్రం విడివిడిగా రాసిచ్చారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తం మీద నూటికి 21 దాకా ఆపరేషన్ కాన్పులైతే మన ఆంధ్రాలో 42. అందులోనూ ప్రభుత్వాసుపత్రుల్లో నూటికి 27 లోపు, ప్రైవేటులో 63. అవే ఊళ్ళు, అవే తిండ్లు, అవే ఒళ్ళు. గేటు మారగానే మన నడుము ఎముకలు ఇరుకైపోతాయా? ముహూర్తం పెట్టించుకుని వెళ్ళి కోయించుకునే ఇళ్ళూ ఉన్నాయిలెండి, తప్పంతా డాక్టర్ల మీదే వెయ్యను. మా వీధిలోనే ఒకాయన నక్షత్రం కోసం తిథి మార్చి మరీ తెల్లవారుజామున ఆపరేషన్ పెట్టించాడు.

ఇంకో రకం వాళ్ళున్నారు. "ఈ కాలం పిల్లలు నొప్పులు ఓర్చుకోలేరు, మీ జేజి ఏడుగురిని కనింది, పొద్దున కని సాయంత్రం కలుపుకి పోయింది" అంటారు. మొన్న ఒకావిడ ఈ మాటే అంటే మంచం మీద నుంచి మా జేజి లేచి కూర్చుంది. "ఏడుగుర్ని కన్న మాట చెప్తారు, ఐదుగురే మిగిలిన మాట చెప్పరేందే?" అంది.

మూడో కాన్పులో బిడ్డ అడ్డం తిరిగిందట. రెండు రోజులు నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. ఎద్దులబండి కట్టి ఉదయగిరి తీసుకుపోయేలోపే కడుపులో కదలిక ఆగిపోయింది. "ఆ దినం కోసి తీసేవాళ్ళుంటే వాడు బతికేవాడు" అని, వచ్చినావిడ వైపు చూడకుండా, కొంగు మడతలు సరిచేసుకుంటూ చెప్పింది. నేను ఈ ఇంట్లో పుట్టి పెరిగాను, ఆ మాట మొన్నే విన్నాను.

అడిగి మరీ ఆపరేషన్ చేయించుకునే వాళ్ళని కూడా తిట్టలేకపోతున్నాను. నా స్నేహితురాలికి మొదటిది నార్మలే. లేబర్ రూములో అరిచినందుకు తొడ మీద కొట్టారు, "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా" అన్నారు. ఎందుకో చెప్పకుండా కింద కోసి కుట్లేశారు. అలా అందరికీ కొయ్యొద్దని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే. రెండోసారి ఆమె తనే ఆపరేషన్ కావాలంది. నొప్పికి కాదబ్బా, ఆ బల్లకి భయపడింది. తోడుకి మనిషిని లోపలికి రానిచ్చి ఉంటే ఆమె ఏం కోరుకునేదో! ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పప్పుడు ఒక ఆడతోడు ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. మా అమ్మని రానిస్తారా అని నేనడిగితే ఆసుపత్రిలో ఆయమ్మ నవ్వింది.

ఆపరేషన్ అంటే హాయి అనుకునేవాళ్ళు మా వదినని దగ్గాలన్నప్పుడు చూడాల్సింది. దిండు పొట్టకి అదుముకుని దగ్గేది. మళ్ళీ కడుపొస్తే పాత కోత దగ్గర మాయ లోతుగా అతుక్కుని ఊడిరాని ప్రమాదం ఉందని, ఆపరేషన్లు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుందని ఆమెకి తర్వాత తెలిసింది. ఒకసారి కోస్తే జీవితమంతా కోతే అనేది కూడా నిజం కాదట. రక్తం, మత్తు డాక్టరు, థియేటరు ఎప్పుడూ సిద్ధంగా ఉన్నచోట చాలామంది రెండోది మామూలుగా కంటున్నారు. ఇదీ ఎవరూ చెప్పలేదు. ఆమే వెతుక్కుంది.

ఎల్లుండి చెకప్. చీటీ మీద రాసుకున్నాను: నొప్పులొచ్చాక ఎంతసేపు ఆగుతారు, బిడ్డ గుండె ఎన్నిసార్లు చూస్తారు, కొయ్యాల్సొస్తే కారణం నాకు చెప్తారా, అమ్మ లోపలికి రావచ్చా. పోయినసారి రెండో ప్రశ్నకే "ఫోన్లో ఎక్కువ చదవకమ్మా" అన్నారు, బయట ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. ఈసారి జేజి కూడా వస్తానంటోంది. ఆత్మకూరు మీదుగా బస్సులో అంతదూరం నీకెందుకు జేజీ అంటే, "నువ్వు చీటీ చూసి అడుగుతావు, డాక్టరమ్మ కసిరితే చీటీ మడిచి లోపల పెట్టుకుంటావు. నాకు చదవను రాదుగా" అంది.